మంచు జంతువుల ప్లేలిస్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

కిందటి వేసవిలో రొయ్యల చెరువు గట్టు మీద కాపలా పడుకున్న రాత్రుల్లో ఈ ప్లేలిస్టు తయారైంది. మాది మొగల్తూరు వైపు. చలిదేశాల జంతువుల పేర్లు పెట్టుకున్న బ్యాండ్లు మాత్రమే ఇందులో ఉంటాయి. మొత్తం 12 బ్యాండ్లు, 23 పాటలు, గంటన్నర పైచిలుకు. చుట్టాల గ్రూపులో పెట్టిన దగ్గర్నుంచి అడిగిందే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను. ముందు ఇది చదవండి, అప్పటికీ అర్థం కాకపోతే ఫోన్ చేయండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం వద్దు, అప్పుడే కాస్త కునుకు తీసేది.

అసలు ఈ పిచ్చి ఎలా పట్టుకుంది?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యల్ని వల వేసి పట్టే రోజు, వచ్చింది. పొద్దున్నే ఐసు లారీ గట్టు మీదకి వచ్చింది. దిమ్మలు క్రషర్లో వేసి ఆడిస్తున్నారు, వల లాగేవాళ్ళు మెడలోతు నీళ్ళలో ఉన్నారు, ట్రేలో ఒక వరస రొయ్య, ఒక వరస ఐసు. నా ఫోన్లో ఏదో ఇంగ్లీషు పాట మోగుతోంది. మా బావ ఇంకా ఆడించని ఐసు దిమ్మ మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని, "ఎవర్రా పాడేది?" అన్నాడు. ఆర్కిటిక్ మంకీస్ అన్నాను. "మంచులో కోతులా? అయితే నన్ను ఫొటో తియ్యి" అన్నాడు.

ఆ ఫొటో ఇప్పటికీ గ్రూపు డీపీ. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఇలాంటి పేర్లు ఇంకేం ఉన్నాయా అని వెతకడం మొదలుపెట్టాం. మా వైపు చలి అంటే రెండే. ధనుర్మాసంలో తెల్లారగట్ల కొబ్బరి తోటల మీద పట్టే పొగమంచు ఒకటి, ఐసు ఫ్యాక్టరీ రెండోది. మరీ చలి చూడాలనుకుంటే డిసెంబర్లో కారు కట్టించుకుని లంబసింగి వెళ్ళి, మంకీ క్యాపులో ఫొటో దిగి వచ్చేస్తాం. ఆర్కిటిక్ వలయం ఇక్కడికి సుమారు 5,500 కిలోమీటర్లు, అదీ తిన్నగా ఉత్తరానికి పోతే. అంత దూరపు జంతువులు కాబట్టే సరదా వేసింది.

మంచులో కోతులేంటండీ? అలాంటివి ఉన్నాయా?

లేవు. అందరూ మొదట అడిగేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మనుషుల్ని పక్కన పెడితే, కోతుల జాతిలో అన్నిటికన్నా ఉత్తరాన బతికేవి జపాన్‌లో ఉన్నాయి. నెత్తి మీద మంచు పడుతుంటే వేడినీటి గుంటలో మెడదాకా మునిగి కూర్చునే ఎర్రమొహం కోతుల వీడియో చూసే ఉంటారు, అవే. అవి కూడా ఆర్కిటిక్‌కు చాలా దిగువనే ఆగిపోయాయి.

బ్యాండువాళ్ళది ఇంగ్లండులోని షెఫీల్డ్, ఉక్కుకు పేరుపడ్డ ఊరు. 2002లో కుర్రాళ్ళుగా మొదలుపెట్టారు. 2006 జనవరిలో వచ్చిన మొదటి ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి వారంలోనే 3,60,000 కాపీలకు పైగా పోయింది. అప్పటిదాకా ఏ బ్యాండు మొదటి ఆల్బమూ అక్కడ అంత వేగంగా అమ్ముడుపోలేదు. ఆ ఏడాదే బ్రిటన్‌లో మంచి ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజు కూడా వచ్చింది.

మరి లేని జంతువును ఎందుకు చేర్చావని మా చెల్లి నిలదీసింది. చేర్చడానికి కారణం ఆ మొదటి మాట. గ్రీకులో ఆర్క్టోస్ అంటే ఎలుగుబంటి. ఉత్తరాకాశంలో కనబడే ఒక చుక్కల గుంపు వాళ్ళ కంటికి ఎలుగులా కనిపించింది, ఆ చుక్కల కిందున్న దేశానికి ఆర్కిటిక్ అని పేరు వచ్చింది. అదే గుంపులోని ఏడు పెద్ద చుక్కలను మనం సప్తర్షి మండలం అంటాం. ఇంకా ఉంది. సంస్కృతంలో ఋక్షం అంటే ఎలుగుబంటి, చుక్క అని కూడా అర్థం. గ్రీకు ఆర్క్టోస్, మన ఋక్షం ఒకే వేరు నుంచి పుట్టిన మాటలని భాషాశాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. అంటే ఆర్కిటిక్ మంకీస్‌ను మన భాషలోకి తెస్తే ఏమవుతుంది? ఋక్షవానరులు. జాంబవంతుడు, హనుమంతుడు ఒకే దండులో ఉన్నవాళ్ళే కదా.

హరికథలు విని పెరిగిన మా పెదనాన్నకి ఈ ముక్క చెబితే, "అయితే వారధి కట్టిన బాపతే, ఉండనీ" అని పాట వినకుండానే పాసు చేసేశారు.

ఏ పేరు పనికొస్తుంది, ఏది పనికిరాదు?

పేరులో జంతువు ఉండాలి. ఆ జంతువు చలిలో బతికేదై ఉండాలి. అంతే. బ్యాండు ఏ దేశానిది, సంగీతం గొప్పదా చెత్తదా అన్నది చూడం. కోతుల విషయంలో చేసిన సర్దుబాటు తప్ప ఈ రూలు తప్పలేదు.

దీనివల్ల కొన్ని ప్రాణం లాంటివి వదులుకోవలసి వచ్చింది. ఐస్‌లాండ్ బ్యాండు సిగుర్ రోస్ అంటే నాకు చాలా ఇష్టం, వాళ్ళ దేశంలో చలికేం కొదవ లేదు. కానీ ఆ పేరు గాయకుడి చెల్లెలి పేరు మీద పెట్టింది. అదే దేశపు బ్యోర్క్ అంటే ఒక చెట్టు, మన భూర్జపత్రం చెట్టు జాతిది. ఇద్దరూ గేటు బయటే. అమెరికా బ్యాండు ఫ్లీట్ ఫాక్సెస్ గురించి రెండు రోజులు గొడవపడ్డాం. వాళ్ళ పాటల్లో చలికాలం ఉంటుంది, గొంతులు కలిపి పాడటం అద్భుతంగా ఉంటుంది. అయినా నక్క మా కాలవ గట్టు మీద రోజూ కూస్తుంది. దాన్ని చలి జంతువంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఇంకో మాట. పేరుకి జంతువును తగిలించుకోవడం మనకేం కొత్త కాదు. మా వైపు పెళ్ళి శుభలేఖలు నాలుగు తీయండి, పిల్లి వారో, నక్కా వారో, మేకా వారో, కాకి వారో, పులి వారో తగులుతారు. పిల్లి వారింట్లో పిల్లి ఉందా అని సంబంధం చూడటానికి వెళ్ళినవాళ్ళు అడగరు. బ్యాండు పేర్లు కూడా అంతే. జంతువుకీ పాటకీ పొంతన వెతక్కండి.

తోడేలు మన దగ్గరా ఉందిగా? దాన్నెందుకు పెట్టారు?

మంచి ప్రశ్న, ఇది మా బావ వేసింది. మన తోడేలు అనంతపురం, కర్నూలు వైపు మెట్ట భూముల్లో, ఎండలో గొర్రెల మందల వెనక తిరిగేది. కాబట్టి ఉత్తి తోడేలు చాలదు, చలి తోడేలని పేరులోనే రుజువు ఉండాలి అని సవరణ చేశాం. దాంతో లండన్ బ్యాండు వుల్ఫ్ ఆలిస్, స్పానిష్‌లో తోడేళ్ళు అని అర్థమున్న లాస్ లోబోస్ బయటికి పోయాయి. రెండు మిగిలాయి.

ఒకటి స్టెప్పెన్‌వుల్ఫ్. స్టెప్పీ అంటే యూరప్ తూర్పు నుంచి మంగోలియా దాకా పరుచుకున్న గడ్డి మైదానం, చలికాలంలో ఎముకలు కొరికేస్తుంది. పేరు ఒక జర్మన్ నవలది. పాడిన జాన్ కే పుట్టింది 1944లో, అప్పటి తూర్పు ప్రష్యాలో. యుద్ధం చివర్లో తల్లి ఆ పసివాణ్ణి ఎత్తుకుని పారిపోయి వచ్చింది, తర్వాత వాళ్ళు కెనడా చేరారు. పుట్టుకతోనే చూపు సరిగా లేదు, వెలుతురు భరించలేడు, ఆ నల్లకళ్ళద్దాలు స్టైలు కోసం పెట్టినవి కావు. 1968లో వచ్చిన వాళ్ళ బార్న్ టు బీ వైల్డ్ మోటార్ సైకిళ్ళ పాటగా ప్రపంచమంతా తిరిగింది. మా చెరువు మీద జనరేటర్ స్టార్ట్ చేసేటప్పుడు సరిగ్గా సరిపోతుంది.

రెండోది ఉల్వెర్, నార్వే బ్యాండు. నార్వే భాషలో ఉల్వెర్ అంటేనే తోడేళ్ళు. 1993లో ఓస్లోలో మొదలై బ్లాక్ మెటల్ వాయించేవాళ్ళు, అంటే కేకలు, డ్రమ్ముల మోత. కానీ 1996లో కరెంటు వాద్యాలు పక్కన పెట్టి గిటారు, చెల్లో, పిల్లనగ్రోవి, కోరస్ గొంతులతో ఒక ఆల్బమ్ చేశారు. నేను తీసుకున్న రెండు పాటలూ దానిలోవే. మిగతా ఆల్బమ్‌లు మీ ఇష్టం, ఇంట్లో చంటిపిల్లలుంటే వద్దు.

పెంగ్విన్లు రెండు ఉన్నాయేం? ఏది ఏది?

ముందు చిన్నదాని సంగతి. ద పెంగ్విన్స్ 1954 నాటి లాస్ ఏంజలస్ కుర్రాళ్ళు, నలుగురు గొంతులు కలిపి పాడేవాళ్ళు. పేరు ఎక్కడ దొరికిందంటే, కూల్ అనే మెంథాల్ సిగరెట్ల ప్రకటనల్లో విల్లీ అని ఒక పెంగ్విన్ బొమ్మ ఉండేది, దాని నుంచి. ఎర్త్ ఏంజెల్ అనే పాటను ఒక గరాజులో రికార్డు చేసి, రికార్డు వెనక వైపున వేశారు. ముందు వైపు పాటను జనం మర్చిపోయారు, వెనక వైపుది ఇప్పటికీ మోగుతోంది.

రెండోది పెంగ్విన్ కెఫే ఆర్కెస్ట్రా. ఈ మొత్తం జాబితాలో ఒక్కటే వినండి అంటే నేను దీన్నే చూపిస్తాను. సైమన్ జెఫ్స్ అనే ఇంగ్లీషాయన పెట్టింది. 1972లో ఆయన దక్షిణ ఫ్రాన్సులో పాడైపోయిన చేప తిని జ్వరంతో మంచం పట్టాడు. ఆ మంపులో పీడకలలు వచ్చాయి. తేరుకున్నాక పెంగ్విన్ కెఫేకి యజమానిని నేనే అనే మాట తట్టిందట. మా వాళ్ళు దీనికి పడీపడీ నవ్వుతారు. మొప్ప ఎత్తి చూసి చేప కొనడం తెలిసినవాడైతే ఈ ఆర్కెస్ట్రానే ఉండేది కాదు. 1976లో మొదటి ఆల్బమ్ వచ్చింది. టెలిఫోన్ ఎంగేజ్ టోను, ఒక రబ్బరు బ్యాండు, వీటి మీద కట్టిన పాట కూడా ఉంది వీళ్ళకి. మా చిన్నాడు దాన్ని రింగ్‌టోన్ పెట్టుకుని ఎవరు ఫోన్ చేసినా ఎంగేజ్ అనుకుని తీయడం లేదు.

ఇక అసలు సంగతి. 1982లో జెఫ్స్‌కు జపాన్‌లోని క్యోటోలో, వీధి పక్కన వదిలేసిన ఒక హార్మోనియం దొరికింది. దాని మీద కట్టిన బాణీ 1984 ఆల్బమ్‌లో ఉంది, మ్యూజిక్ ఫర్ ఎ ఫౌండ్ హార్మోనియం. తర్వాత ఐర్లండు జానపద వాయిద్యగాళ్ళు దాన్ని తమ సొంత బాణీలా వాయించుకున్నారు.

మా వీధిలో ఒక మాస్టారున్నారు. పద్యనాటకాలకు నలభై ఏళ్ళు హార్మోనియం వాయించారు. ఏకాదశి తిరునాళ్ళలో రాత్రంతా నాటకం నడిచే రోజుల్లో ఆయన పెట్టె కోసం వేరే ఎడ్లబండి వచ్చేదని చెబుతారు. ఒక సాయంత్రం అరుగు మీద ఆయన పక్కన ఫోన్ పెట్టి ఈ బాణీ వినిపించాను. కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి కుడిచేతి వేళ్ళు పంచె మీద కదలడం మొదలైంది, మెట్లు వెతుక్కుంటున్నట్టు. ఎడమకాలు నేల మీద తొక్కుతోంది. అయిపోయాక, "కాలితో తొక్కేదా, చేత్తో తిత్తి కొట్టేదా?" అని అడిగారు. తెలీదండీ, వీధిలో దొరికిందట అన్నాను.

"హార్మోనియం వీధిలో పారేశారా?"

ఆయనకి అదే పట్టుకుంది. బాణీ గురించి అడిగితే, "రాగమంటూ లేదు, ఒకే ముక్కని తిప్పి తిప్పి వాయించాడు. కానీ ఊపిరి ఎక్కడా తెగలేదు" అన్నారు. తర్వాత, "ఇంకోసారి పెట్టు" అన్నారు. లోపల గదిలో ఆయన పెట్టె మీద దుప్పటి కప్పి ఉంది, ఎలకలు తిత్తి కొట్టేశాయి. నాలుగుసార్లు విన్నాం. జెఫ్స్ 1997లో పోయాడని, 2009 నుంచి ఆయన కొడుకు పెంగ్విన్ కెఫే పేరుతో కొత్త బృందం నడుపుతున్నాడని చెప్పాను. తలూపి, "కొడుక్కి అబ్బిందన్నమాట" అన్నారు. ఆయన కొడుకులిద్దరూ హైదరాబాదులో ఉంటారు.

పెంగ్విన్ ఉండేది దక్షిణాన కదా, ధ్రువపు ఎలుగుతో ఒకే చోట ఎలా పెట్టావని అడిగేవాళ్ళకి: నిజమే, అవి రెండూ అడవిలో ఎప్పుడూ ఎదురుపడవు. మా ప్లేలిస్టులో పడతాయి.

కారిబూ అంటే ఏంటి? తెలుగులో ఏమంటారు?

తెలుగులో మాట లేదు. దుప్పి జాతిది. ఉత్తర అమెరికాలో కారిబూ, యూరప్ వైపు రెయిన్‌డీర్, రెండూ ఒకటే. దుప్పుల్లో ఆడవాటికి కూడా కొమ్ములొచ్చేది ఈ ఒక్కదానికే. నడుస్తుంటే కాళ్ళలోంచి టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంది, పాదంలో ఎముక మీద నరం లాంటి బిగువైన తాడు జారడం వల్ల. మా నాయనమ్మ మెట్లెక్కుతున్నా అలాగే వినబడుతుంది.

బ్యాండు అంటారు గానీ నిజానికి డాన్ స్నెయిత్ అనే ఒక్క మనిషి. కెనడా వాడు, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో లెక్కల్లో పీహెచ్‌డీ చేశాడు. మొదట్లో మానిటోబా అనే పేరుతో పాటలు తెచ్చేవాడు. అది కెనడాలో ఒక రాష్ట్రం పేరు. న్యూయార్కులో హ్యాండ్సమ్ డిక్ మానిటోబా అని పాతతరం పంక్ గాయకుడొకాయన ఉన్నాడు, ఆయన నా పేరు వాడుకుంటున్నావని కోర్టుకెక్కాడు. భీమవరం అని బ్యాండుకి పేరు పెడితే భీమవరపు ఇంటిపేరున్నాయన కేసు పెట్టినట్టు. గొడవెందుకని 2004లో పేరు మార్చుకుని కారిబూ అయ్యాడు. 2008లో కెనడాలో పెద్దదిగా చెప్పుకునే పొలారిస్ ప్రైజు ఆ కొత్త పేరుకే వచ్చింది.

వీటిలో ఒక ముక్క చుట్టూ తిరిగి తిరిగి, కొంచెం కొంచెంగా పెరుగుతుంది. నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు నాలుగు ఒకేసారి నీళ్ళు కొడుతున్న చెరువు గట్టు మీద విన్నాక మళ్ళీ గదిలో వింటే ఏదో తగ్గినట్టుంటుంది.

రెయిన్‌డీర్ సెక్షన్ కూడా ఉంది, 2001లో స్కాట్లండు బ్యాండ్ల వాళ్ళంతా చేరి సరదాగా కట్టిన జట్టు. రెండే ఆల్బమ్‌లు. దీని సూత్రధారి కింది జవాబులో మళ్ళీ వస్తాడు.

ఎలుగుబంట్లు ఎన్ని?

రెండు, ఒక మాజీ. పోలార్ బేర్ లండన్ జాజ్ బృందం, డ్రమ్ములు వాయించే సెబాస్టియన్ రాచ్‌ఫర్డ్ నడిపించాడు. రెండు శాక్సఫోన్లు ఒకదానితో ఒకటి వాదులాడుకుంటుంటే మధ్యలో కంప్యూటర్ చప్పుళ్ళు దూరుతాయి. 2005లోనూ 2014లోనూ మెర్క్యురీ ప్రైజు తుది జాబితాకి ఎక్కారు. నాకు సగం అర్థమవుతుంది. గ్రిజ్లీ బేర్ న్యూయార్కులోని బ్రూక్లిన్ వాళ్ళు, 2009 ఆల్బమ్‌కి మసాచుసెట్స్ దగ్గరి ఒక చిన్న లంక పేరు పెట్టారు. లంక గ్రామాల వాళ్ళం, ఆ ఒక్క కారణానికే మావాళ్ళకి నచ్చేశారు.

మాజీ ఎవరంటే స్నో పెట్రోల్. చేజింగ్ కార్స్ పాట మీరు ఎక్కడో విని ఉంటారు. 1994లో స్కాట్లండులోని డండీలో చదువుకుంటూ మొదలుపెట్టినవాళ్ళు, ఒక దశలో పోలార్‌బేర్ అని పేరు పెట్టుకున్నారు. అమెరికాలో ఇంకొకరికి అదే పేరు ఉందని 1997లో మార్చుకున్నారు. 1998లో వచ్చిన మొదటి ఆల్బమ్‌కి మాత్రం సాంగ్స్ ఫర్ పోలార్‌బేర్స్ అని పేరు పెట్టి పాత మమకారం తీర్చుకున్నారు. గాయకుడు గ్యారీ లైట్‌బాడీ, రెయిన్‌డీర్ సెక్షన్ కట్టింది కూడా ఈయనే. అంటే ఒక మనిషి ఎలుగుగా ఉండి, పేరు మార్చుకుని, మళ్ళీ దుప్పిగా వచ్చాడు. రూలు ప్రకారం స్నో పెట్రోల్ 12లో లేదు. 23వ పాటగా చివర్లో కూర్చోబెట్టాం, పెళ్ళిలో పిలవకుండా వచ్చినా ఆకు వేస్తాం కదా.

అంతరించిపోయిన జంతువులు కూడా పనికొస్తాయా?

చలియుగంలో బతికినవైతే పనికొస్తాయి. మాస్టడాన్ అంటే ఏనుగుకి చుట్టమైన పాతకాలపు జంతువు. ఆ పేరు పెట్టుకున్నది అట్లాంటా మెటల్ బ్యాండు, 2000లో మొదలైంది. 2004లో సముద్రం, తిమింగలం మీద ఆల్బమంతా చేశారు, 2018లో గ్రామీ కూడా వచ్చింది. గట్టిగా ఉంటుంది, నిద్రమత్తుకి విరుగుడు.

మామత్ సంగతి వేరు. ఒంటినిండా బొచ్చున్న ఆ ఏనుగు ఆఫ్రికా ఏనుగు కంటే మన ఏనుగుకే దగ్గరి చుట్టం. సైబీరియా ఉత్తరాన వ్రాంగెల్ అనే దీవిలో ఆఖరివి సుమారు 4,000 ఏళ్ళ కిందటి దాకా బతికాయి. ఇక బ్యాండు. వాన్ హేలెన్ అనే పెద్ద రాక్ బ్యాండు మొదట్లో మామత్ అన్న పేరుతోనే వాయించేది. గిటారు వాయించే ఎడ్డీ వాన్ హేలెన్ 2020 అక్టోబరులో పోయాడు. కొడుకు వుల్ఫ్‌గాంగ్ తన బ్యాండుకి తండ్రి వదిలేసిన ఆ పాత పేరే పెట్టుకున్నాడు. మనం తాత పేరు మనవడికి పెట్టినట్టు. మొదటి పాట తండ్రి కోసమే. అది ప్లేలిస్టులో 17వది.

హస్కీ కుక్క కదా, జంతువు కింద ఎలా లెక్క?

కుక్క జంతువు కాదా? హస్కీ రెస్క్యూ ఫిన్లండ్‌లోని హెల్సింకి బ్యాండు. మంచు బండ్లు లాగే కుక్క. ఇక్కడ భీమవరంలో ఏసీ గదిలో పెంచుతున్నవాళ్ళున్నారు, పాపం దాన్ని చూస్తే జాలేస్తుంది.

వింటే చల్లగా ఉంటుందా?

ఉండదు. ఫ్యాను వేసుకోండి.

ఇంగ్లీషు పాటలు అర్థం కావు, ఎలా?

ఎనిమిది పాటల్లో మాటలే లేవు. మిగతావాటిలో నాకూ అన్నీ అర్థం కావు. షెఫీల్డ్ వాళ్ళ యాస ఇంగ్లండులోనే అందరికీ అర్థం కాదట. కృష్ణా జిల్లా వాళ్ళకి మన "ఆయ్" అర్థం కావడానికి ఎన్నాళ్ళు పట్టింది?

స్పీకర్లో వినాలా, ఇయర్‌ఫోన్స్‌లోనా?

ఇంట్లో ఎలాగైనా వినండి. చెరువు మీద మాత్రం ఒక్క చెవికే పెట్టండి. ఎందుకో చెబుతాను.

రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది. ఎండ లేకపోతే నీటిలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, అదీ రొయ్యతో పాటు పీల్చుకుంటుంది. తెల్లారేముందు మరీ అడుగుకి పడిపోతుంది. ఏరియేటర్లు తిరిగేది అందుకే. జూన్ మొదటి వారంలో ఒక రాత్రి మూడు దాటాక రెండు చెవులకీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకున్నాను. కరెంటు పోయింది. షెడ్డులో లైటు ఎలాగూ ఆర్పే ఉంది, ఫ్యాను గాలి ఆగిందని కూడా తెలియలేదు, బయట గాలి ఉంది. పాట అయిపోయి, ఇంకో పాట మొదలయ్యేలోపు వచ్చే ఆ రెండు క్షణాల ఖాళీలో నీళ్ళ చప్పుడు లేదని తెలిసింది. ఆ నిశ్శబ్దం వింటే గుండె జారిపోయింది. టార్చి వేసి చూస్తే గట్టు వారనే రొయ్యలు పైకి తేలి, మీసాలు నీటి పైన ఆడిస్తున్నాయి.

జనరేటర్ రెండోసారికి అందుకుంది. ఆక్సిజన్ బిళ్ళలు చల్లాను, నాన్నకి ఫోన్ చేశాను. ఆయన బండి మీద బనియనుతోనే వచ్చేశారు. తెల్లారేసరికి వలతో దేవితే బస్తాన్నర పోయింది. ఆయన ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. వారం తర్వాత భోజనం దగ్గర, "ఆ ధ్రువపు ఎలుగులు ఎలా ఉన్నాయిరా?" అని మాత్రం అడిగారు.

ఇప్పుడు కరెంటు పోతే మోగే అలారం పెట్టించాం. అయినా ఒక్క చెవే.

పాటల వరుస మార్చుకోవచ్చా?

ఇది కాపలా రాత్రికి కట్టిన వరుస. పది గంటలకి మేత వేసి, రొయ్య తిందో లేదో చెక్ ట్రే ఎత్తి చూసేటప్పుడు పెంగ్విన్లు, అర్ధరాత్రి కారిబూ, రెండు దాటాక ఎలుగులు, మూడింటికి మాస్టడాన్, తూర్పు తెల్లబడుతుంటే ఉల్వెర్. గంటన్నర పాటలకి రాత్రంతా ఎలా సరిపోతుందంటే, మధ్యలో గట్టు చుట్టూ తిరిగి రావడానికి ఆపేస్తాను కాబట్టి. మీకు చెరువు లేదు కాబట్టి కలిపేసుకోండి.

పెళ్ళిలో పెట్టించొచ్చా?

మా పిన్ని కూతురి పెళ్ళి ఊరేగింపులో డీజే కుర్రాడికి ఇచ్చాను. పోలార్ బేర్ మొదలవగానే స్పీకర్ పాడైందనుకుని ఆపేశాడు. వద్దు.

మన గోదావరి జంతువులతో ఇలాంటిది చేయొచ్చుగా?

చేద్దామనే చూశాం. కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టే బావురుపిల్లి ఉంది, నీటికుక్క ఉంది, ఆషాఢం దాటాక ఏటికి ఎదురీదే పులస ఉంది. వాటి పేరు పెట్టుకున్న బ్యాండు ఒక్కటీ దొరకలేదు. పులస అని ఎవరైనా బ్యాండు పెడితే పాట ఎలా ఉన్నా మా ఊరు మొత్తం టికెట్ కొంటుంది. చలికాలంలో వచ్చే ప్రతి కొంగనీ మనవాళ్ళు సైబీరియా కొంగ అంటారు, ఆ లెక్కన ఒక కొంగ బ్యాండుని ఇందులో ఇరికించాలని మా బావ చూశాడు. ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు చాలావరకు మన దేశంలోవే. కోరింగ బురద మేటల మీద వాలే చిన్న చిన్న ఉల్లంకిపిట్టల్లో మాత్రం నిజంగా ఆ చలిదేశాల నుంచి వచ్చేవి ఉన్నాయి. ఆ పేరుతో బ్యాండు దొరికితే నాకు చెప్పండి, అదే రోజు చేరుస్తాను.

నేను చెప్పిన బ్యాండుని చేరుస్తారా?

రూలుకి లోబడితే చేరుస్తాం. పేరు, జంతువు, ఆ జంతువు ఎక్కడ బతుకుతుందో రాసి గ్రూపులో పెట్టండి. నేనూ మా బావా ఒప్పుకోవాలి, ఇద్దరికీ కుదరకపోతే మాస్టారి మాటే ఫైనల్.

సీల్ అనే గాయకుణ్ణి చేర్చమని మా అత్తయ్య పట్టుబట్టారు. సీల్ అంటే నీటికుక్కలా ఉండి మంచు మీద పొర్లే జంతువే, కాదనను. కానీ ఆ పేరు జంతువుని చూసి పెట్టుకున్నదో కాదో మాకు తేలలేదు. మీరే కదా పిల్లి వారింట్లో పిల్లి ఉండక్కర్లేదని రాశారు అని ఆవిడ ఈ పేజీలో మాటే నాకు తిప్పికొట్టారు. ఇది మూడో అప్పీలు. ఆదివారం మాస్టారి అరుగు మీద విచారణ ఉంది, పాట వినిపించడానికి అత్తయ్య సొంత స్పీకర్ తెచ్చుకుంటున్నారట.